చిన్న ఫిషింగ్ బోటుకు టోయింగ్ కవర్: గుడ్డ కంటే ముందు గాలి సంగతి చూడండి

మీరు అడిగింది ఇది: చెన్నైలో 14 అడుగుల ఫైబర్ బోటు ఉంది, వెనక ఔట్‌బోర్డ్ ఇంజన్. ట్రైలర్ మీద పెట్టి కారుతో నెల్లూరు వైపు లాక్కెళ్తుంటారు. ఆన్‌లైన్‌లో దొరికే రెడీమేడ్ కవర్ కొనాలా, కుట్టించాలా, కుట్టిస్తే ఏ గుడ్డ తీసుకోవాలి అని. మా బావగారి బోటు కూడా ఇంచుమించు ఇదే సైజు. వాళ్ల ఇల్లు మాధవరంలో, వేటకు ఎక్కువగా నెల్లూరు దగ్గరి మైపాడు వెళ్తారు. ఆ బోటుకు కవర్ కుట్టించినప్పుడు మొదటి నుంచి దగ్గరుండి చూసుకున్నది నేనే, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందే చెప్పేస్తాను, కుట్టించండి. అయితే అందరూ గుడ్డ దగ్గర మొదలుపెడతారు, మీరు కొలత దగ్గర మొదలుపెట్టండి. ఇంటి ముందు నిలబెట్టిన బోటుకు ఎండా వానా అడ్డుకుంటే చాలు. రోడ్డు మీద లాగే బోటుకు అసలు పోరు గాలితోనే. గాలి తోపు వేగంతో పాటు సమానంగా పెరగదు. గంటకు 40 కిలోమీటర్ల నుంచి 80కి వెళ్తే నాలుగింతలవుతుంది. దానికి ఎదురు నుంచి సముద్రపు గాలి, పక్క నుంచి కంటైనర్ లారీ దాటేటప్పటి ఊపు అదనం. కవర్ ఎక్కడ రవ్వంత వదులుంటే అక్కడ టపటపా కొట్టుకుంటుంది. గుడ్డకూ బోటుకూ మధ్య చేరిన ఇసుక, ఉప్పు గరుకు కాగితంలా పనిచేస్తాయి. సూళ్లూరుపేట దగ్గర టీకి ఆగినప్పుడు ఎవరిదో బోటు చూశాను. నీలం ప్లాస్టిక్ పట్టా కప్పి తాడుతో చుట్టేశారు. ముక్కు దగ్గర అరచేయంత మేర జెల్‌కోట్ (ఫైబర్ మీద ఉండే నున్నటి పై పూత) మెరుపంతా పోయింది, వేలితో రాస్తే తెల్లటి పొడి అంటుకుంది. రెడీమేడ్ కవర్లు "14 నుంచి 16 అడుగులు" అని ఒకే సైజులో వస్తాయి. ఆ రెండడుగుల వదులే ఈ పని చేస్తుంది.

కొలత మాత్రం షాపులో కాగితం మీద రాసి ఇచ్చేది కాదు. బోటు ట్రైలర్ మీద ఉండాలి, బోటు ముక్కును ట్రైలర్‌కు లాగి పట్టే వించ్ బెల్టు బిగించి ఉండాలి, ఇంజన్ ప్రయాణంలో ఎంత ఎత్తి ఉంచుతారో అంతే ఎత్తి ఉండాలి. ఇంజన్ దించి కొలిస్తే వెనక కటౌట్ తేడా వచ్చేస్తుంది. మాకు కవర్ కుట్టిన మాస్టర్ పలచటి ప్లాస్టిక్ షీటు బోటంతా పరిచి, అంచుల దగ్గర టేపుతో లాగి అంటించి, మార్కర్‌తో గీతలు గీశాడు. గేలం కర్రలు నిలిపే రాడ్ హోల్డర్లు, తాళ్లు కట్టే క్లీట్లు, వెనక పలక రెండు మూలలు, ఇలా పొడుచుకొచ్చిన ప్రతిదాని చుట్టూ సున్నా చుట్టాడు. ఆ సున్నాలున్న చోటల్లా లోపల రెండో పొర పడింది. మీ మనిషి టేపు పట్టుకుని పొడవు వెడల్పు మాత్రం రాసుకుని వెళ్లిపోతుంటే, ఇంకొకరిని చూసుకోండి. చెన్నైలో ప్యారీస్ కార్నర్, బ్రాడ్‌వే వైపు టార్పాలిన్ షాపులున్నాయి, జనరల్ ప్యాటర్స్ రోడ్డులో సీటు కవర్లు కుట్టేవాళ్లున్నారు. ఎవరి దగ్గరికి వెళ్లినా అడగాల్సింది రెండే: బోటు దగ్గరికి వచ్చి కొలుస్తారా, మందపు గుడ్డ నాలుగు పొరలు కుట్టే మిషన్ ఉందా.

ఇక గుడ్డ. లారీలకు వేసే పీవీసీ కోటింగ్ టార్పాలిన్ చవక, గట్టిది, చుక్క నీరు దిగదు. కానీ గాలి ఆడదు. మన చెన్నై ఉక్కలో లోపలి చెమ్మ లోపలే ఉండి సీట్లకు బూజు పడుతుంది. పైగా బరువు, ఒక్కరే విప్పి మడవడం కష్టం. సన్‌బ్రెల్లా బ్రాండు లాంటి అక్రిలిక్ గుడ్డ ఎండకు బాగా నిలుస్తుంది, గాలి ఆడుతుంది, కానీ రాపిడికి అంత ఓర్చుకోదు. నూలు తీసే దశలోనే రంగు కలిపిన పాలియెస్టర్ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. రాపిడికి అక్రిలిక్ కంటే గట్టిది, చదరపు మీటరుకు 250 నుంచి 300 గ్రాముల రకం చిన్న బోటుకు సరిపోతుంది. మీరు తరచుగా లాగుతానన్నారు కాబట్టి నేనైతే పాలియెస్టరే తీసుకుంటాను. ఎప్పుడూ ఆరుబయట ఎండలోనే ఉండి, ఎప్పుడో ఒకసారి కదిలే బోటయితే అక్రిలిక్ అనేవాణ్ణి. ఏది తీసుకున్నా పైన గాలి పోయే వెంట్లు రెండు పెట్టించండి.

దారం గురించి ఎవరూ అడగరు, నాకు ఆశ్చర్యం. గుడ్డ బాగున్నా ముందు పోయేది కుట్టే. కాటన్ దారం కుళ్లిపోతుంది, నైలాన్ ఎండకు చివికిపోతుంది. ఎండకు ఆగే మందపు పాలియెస్టర్ దారం అని పట్టుబట్టండి. జిప్పు పెడితే ప్లాస్టిక్ పళ్లది, ఐలెట్లు (తాడు దూర్చే రంధ్రాలకు వేసే రింగులు) ఇత్తడివి. ఇనుప ఐలెట్ ఉప్పు గాలికి తుప్పు పట్టి చుట్టూ గుడ్డను కూడా తినేస్తుంది.

కట్టే పద్ధతి ఇంకా ముఖ్యం. అంచు మడతలో తాడు వేయించి వెనక నుంచి బిగించేలా పెట్టించండి. ప్రెస్ బటన్ల మీద మాత్రం ఆధారపడకండి, రోడ్డు గాలికి ఒకటి ఊడితే వరసగా మిగతావీ ఊడతాయి. అంచు వెంబడి రెండడుగులకొకటి చొప్పున నవారు లూపులు కుట్టించి, అక్కడి నుంచి ట్రైలర్ ఫ్రేముకు బకిల్ ఉన్న పాలియెస్టర్ బెల్టులు బిగించాలి. నైలాన్ బెల్టు తడిస్తే సాగుతుంది. కొక్కేలున్న రబ్బరు తాళ్లు వద్దే వద్దు, జారి ఎగిరితే కన్ను పోతుంది. ముక్కు దగ్గర గాలి దూరే సందు ఉండకూడదు, అతుకుల మడతలన్నీ వెనక్కి తిరిగి ఉండాలి. బోటును ట్రైలర్‌కు కట్టే బెల్టులు వేరు, కవర్ బెల్టులు వేరు. వించ్ బెల్టుకు, వెనక కడియాలకు కవర్‌లో గాట్లు పెట్టించుకుంటే బోటు బెల్టులు కవర్ మీద నుంచి వేసి రాపిడి చేయాల్సిన పని ఉండదు. వెనక పీసు ట్రైలర్ లైట్లను, నంబర్ ప్లేటును కప్పేయకుండా చూసుకోండి. లైట్లు కనపడక రాత్రిపూట వెనక వచ్చే బండి గుద్దిందంటే ఏ కవరూ కాపాడదు.

చివరి డబ్బు ఇచ్చే ముందు రోడ్డు మీద చూడండి. మేం మీంజూరు, వండలూరు మధ్య ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి, వెనక బైకు మీద మా మేనల్లుడు కూర్చుని వీడియో తీశాడు. కారులోంచి అద్దంలో చూస్తే అంతా బిగుతుగానే ఉంది. వీడియోలో మాత్రం బోటు ఎడమ భుజం దగ్గర గుడ్డ ఉబ్బి పడిపోతూ కనిపించింది. మాస్టర్ ఫోన్‌లో అది చూసి, మాట్లాడకుండా అక్కడ ఒక లూపు అదనంగా వేసి, అంచు ముప్పావు అంగుళం లోపలికి మడిచి కుట్టాడు. మొదటిసారి దూరం వెళ్లేటప్పుడు కూడా పదిహేను కిలోమీటర్లకు ఆగి బెల్టులు మళ్లీ బిగించండి, కొత్త నవారు కాస్త సర్దుకుంటుంది.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ఈశాన్య రుతుపవనాల వానలు. ఆరుబయట బోటు ఉంచేవాళ్లు నీరు నిలవకుండా మధ్యలో పోల్ పెట్టి వెన్ను ఎత్తి ఉంచాలి. మీ బోటు పైభాగం ఆరు చదరపు మీటర్లనుకుంటే, 50 మిల్లీమీటర్ల వానకు 300 లీటర్లు, అంటే 300 కిలోలు. అందులో సగం గుంటలో నిలిచినా కవర్ సాగిపోతుంది, పోల్ వంగిపోతుంది. పోల్ తలకు కవర్ లోపల జేబు కుట్టించి, ముక్కు నుంచి వెనక దాకా ఒక నవారు బెల్టు దాని మీదుగా పోయేలా పెట్టిస్తే ప్రయాణంలో కూడా పడిపోదు.

వేట అయ్యాక తడి బోటు మీద కవర్ బిగించక తప్పదు, ఇంటికి రావాలి కదా. రాగానే విప్పి, మంచినీళ్లతో బోటునూ కవర్ లోపలివైపునూ కడిగి, పూర్తిగా ఆరాకే మళ్లీ కప్పండి. కప్పే ముందు రాడ్లకు గేలాలు వేలాడుతున్నాయేమో చూసి తీసేయండి. మీ బోటుకు ముందు అద్దం గానీ పైన గొట్టాల ఫ్రేము గానీ ఉంటే చెప్పండి, దానికి కటింగ్ మారుతుంది, అది విడిగా రాస్తాను.