గ్రీన్ కార్డుపై వచ్చిన అమ్మానాన్నలకు మెడికేర్ ఒక్కటే చాలా, మెడిగ్యాప్ కూడా కావాలా?

మీ నాన్నగారికి 68 ఏళ్లు, గ్రీన్ కార్డు వచ్చి వచ్చే మార్చికి ఐదేళ్లు నిండుతాయి, అమెరికాలో ఆయన ఉద్యోగం చేయలేదు, షుగర్ ఉంది, గుండెకు స్టెంట్ వేశారు అన్నారు. 65 దాటినవాళ్లకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికేర్‌కు తోడుగా, అది కట్టగా మిగిలే మన వాటాను భరించే ప్రైవేట్ పాలసీ మెడిగ్యాప్ తీసుకోవాలా, లేక ఏజెంట్ చెబుతున్న జీరో ప్రీమియం ప్లాన్ సరిపోతుందా అని అడిగారు. మా నాన్నది కూడా దాదాపు ఇదే పరిస్థితి. ఆయన ఇన్సూరెన్స్ కాగితాలన్నీ నేనే చూసుకుంటాను కాబట్టి తెలిసింది చెబుతున్నాను. కింద రాసిన డాలర్ లెక్కలన్నీ 2025లో ఉన్నవి, వాటిలో చాలావరకు ఏటా మారుతుంటాయి.

ముందుగా, మీరు ఇన్నేళ్లుగా కడుతున్న టాక్సులు ఈ విషయంలో మీ నాన్నగారికి లెక్కలోకి రావు. ఆయనైనా, మీ అమ్మగారైనా ఇక్కడ 40 క్వార్టర్లు, అంటే పదేళ్లు, పని చేసి ఉంటేనే హాస్పిటల్ ఖర్చులు చూసే పార్ట్ ఏ ప్రీమియం లేకుండా వస్తుంది. లేకపోతే 65 దాటి, గ్రీన్ కార్డుతో వరుసగా ఐదేళ్లు ఇక్కడే నివాసం ఉన్నవాళ్లు దాన్ని కొనుక్కోవచ్చు. పార్ట్ ఏ నెలకు 518 డాలర్లు, డాక్టర్ల ఖర్చు చూసే పార్ట్ బి 185. రెండూ కలిపి 703. ఇది చూడగానే పార్ట్ బి ఒక్కటే తీసుకుందాం అనిపిస్తుంది, రూల్ కూడా అందుకు ఒప్పుకుంటుంది. కానీ అప్పుడు హాస్పిటల్లో అడ్మిట్ అయితే ఆ ఖర్చు మీదే. పైగా మెడిగ్యాప్ కావాలన్నా, జీరో ప్రీమియం పేరుతో అమ్మే అడ్వాంటేజ్ ప్లాన్ (మెడికేర్‌ను ప్రైవేట్ కంపెనీ ద్వారా తీసుకునే పద్ధతి) కావాలన్నా ఏ, బి రెండూ ఉండాల్సిందే. ఆ 'జీరో' అనేది ప్లాన్ ధర మాత్రమే. దానిలో చేరినా ఈ 703 కడుతూనే ఉండాలి. ఈ ముక్క మాకు ఫోన్ చేసిన ఏజెంట్లెవరూ వాళ్లంతట వాళ్లు చెప్పలేదు.

మరి మెడిగ్యాప్ ఎందుకంటే, ఒట్టి మెడికేర్‌లో మన వాటాకు పైపరిమితి లేదు. పార్ట్ బిలో ఏడాదికి 257 డాలర్లు మనం కట్టుకున్నాక బిల్లులో 20 శాతం మనదే, అది ఎంతైనా సరే. అడ్మిట్ కాకుండా వెళ్లి చేయించుకుని వచ్చే కీమోథెరపీ ఈ లెక్కలోకే వస్తుంది. లక్ష డాలర్లయితే ఇరవై వేలు మన జేబులోంచి పోతాయి. మెడిగ్యాప్ ప్లాన్ జి తీసుకుంటే ఆ 257 తప్ప మెడికేర్ ఒప్పుకున్న ఖర్చుల్లో మన వాటా అంతా అదే భరిస్తుంది. ప్లాన్ ఎన్ ప్రీమియం తక్కువ, డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు 20 డాలర్ల దాకా కో పే ఉంటుంది. మసాచుసెట్స్, మిన్నెసోటా, విస్కాన్సిన్ తప్ప మిగతా రాష్ట్రాల్లో ఏ కంపెనీ దగ్గర కొన్నా ప్లాన్ జి అంటే అవే బెనిఫిట్లు. కాబట్టి కంపెనీ పేరు చూడకండి. ప్రీమియం ఎంత, గత కొన్నేళ్లలో ఎంత పెంచారు, ఈ రెండే అడగండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇప్పుడు చెబుతాను. పార్ట్ బి మొదలైన నెల నుంచి ఆరు నెలల పాటు ఏ మెడిగ్యాప్ కంపెనీ కూడా జబ్బులున్నాయని మీ నాన్నగారిని కాదనకూడదు, ప్రీమియం పెంచకూడదు. అది దాటితే చాలా రాష్ట్రాల్లో ఆరోగ్యం గురించి ప్రశ్నలు వేస్తారు. షుగర్, స్టెంట్ ఉన్న మనిషికి అప్పుడు దొరకడం కష్టం. ముందు అడ్వాంటేజ్ తీసుకుని, నచ్చకపోతే రెండు మూడేళ్ల తర్వాత మెడిగ్యాప్‌కి మారదాం అనుకునేవాళ్లు ఇరుక్కునేది ఇక్కడే. మెడికేర్ మొదలయ్యేలోపు మార్కెట్‌ప్లేస్ (ఒబామాకేర్) ప్లాన్ ఉంటే దాన్ని మధ్యలో ఆపకండి. ఆరు నెలల కవరేజ్ విడవకుండా ఉంటే, పాత జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ కూడా పెట్టలేరు.

అడ్వాంటేజ్ చెడ్డదని నేననను. ఏడాదంతా ఒకే ఊళ్లో ఉంటూ, తమ డాక్టర్లంతా నెట్‌వర్క్‌లో ఉండి, మెడిగ్యాప్ ప్రీమియం కూడా భరించడం కష్టమైన ఇంట్లో అదే నయం. అందులో మన వాటాకు పరిమితి ఉంటుంది, పళ్లు, కళ్లద్దాలకు కూడా ఎంతో కొంత ఇస్తారు. కానీ మన తల్లిదండ్రులు ఒక చోట ఉంటారా? మా నాన్న నాలుగు నెలలు నా దగ్గర న్యూజెర్సీలో, నాలుగు నెలలు అక్క దగ్గర డల్లాస్‌లో, చలికాలం గుంటూరులో. అడ్వాంటేజ్ నెట్‌వర్క్ స్థానికంగా ఉంటుంది, ప్లాన్ ఏరియా దాటి ఆరు నెలలకు మించి ఉంటే పేరు తీసేయవచ్చు కూడా. ఒరిజినల్ మెడికేర్ (అడ్వాంటేజ్ కాకుండా నేరుగా ప్రభుత్వం నడిపే ఏ, బి) అయితే దాన్ని తీసుకునే ఏ డాక్టర్ దగ్గరైనా, ఏ రాష్ట్రంలోనైనా చెల్లుతుంది. ఇండియాలో మెడికేర్ పనికిరాదు. ప్లాన్ జి, ఎన్ మాత్రం ప్రయాణం మొదలైన 60 రోజుల్లోపు వచ్చే ఎమర్జెన్సీకి, 250 డాలర్లు పోను 80 శాతం ఇస్తాయి, జీవితకాలానికి 50,000 డాలర్ల పరిమితి. నాన్న అంతకు మించి ఉంటారు కాబట్టి మేం విడిగా ట్రావెల్ ఇన్సూరెన్స్ కూడా తీసుకుంటాం.

మెడికేర్ ఒప్పుకోనిది మెడిగ్యాప్ కూడా ఇవ్వదు. ఇది మాకు ఒక హాస్పిటల్లో బాగా తెలిసొచ్చింది. నాన్న పడిపోతే తీసుకెళ్లాం. బెడ్డు, డ్రిప్పు, చేతికి పేరు రాసిన బ్యాండ్ అన్నీ మామూలే. మర్నాడు నర్సు సంతకం పెట్టమని ఒక కాగితం తెచ్చింది. చదివితే ఆయన్ని 'అబ్జర్వేషన్'లో ఉంచారనీ, లెక్కకు ఔట్‌పేషెంట్ అనీ ఉంది. ఇన్‌పేషెంట్‌గా వరుసగా మూడు రోజులు ఉంటేనే ఆ తర్వాత నర్సింగ్ ఫెసిలిటీలో రిహాబ్‌కి మెడికేర్ డబ్బిస్తుంది. అబ్జర్వేషన్ రోజులు అందులోకి రావు. వెంటనే డాక్టర్‌తో, కేస్ మేనేజర్‌తో మాట్లాడాను. కారణాలు చూసి ఆ సాయంత్రం ఇన్‌పేషెంట్‌గా మార్చారు, అక్కడి నుంచే రోజులు లెక్కపెట్టారు. హాస్పిటల్‌కి వెళ్లిన ప్రతిసారీ ఇన్‌పేషెంటా, అబ్జర్వేషనా అని అడగండి.

మందులకు పార్ట్ డి విడిగా తీసుకోవాలి, మెడిగ్యాప్‌లో మందులు ఉండవు. కవర్ అయ్యే ఒక్కో ఇన్సులిన్‌కు మన వాటా నెలకు 35 డాలర్లు దాటదు, కవర్ అయ్యే మందులన్నిటికీ కలిపి మన వాటాకు 2025లో ఏడాదికి 2,000 పరిమితి ఉండేది.

మీ నాన్నగారికి మార్చిలో ఐదేళ్లు నిండుతున్నాయి కాబట్టి డిసెంబర్ నుంచి జూన్ దాకా చేరే గడువు. డిసెంబర్‌లోనే సోషల్ సెక్యూరిటీ ఆఫీసులో అప్లై చేయండి. గడువు దాటితే ఆలస్యమైన ప్రతి పూర్తి ఏడాదికీ పార్ట్ బి ప్రీమియం 10 శాతం చొప్పున జీవితాంతం ఎక్కువ కట్టాలి. అప్లై చేసే ముందు మీ రాష్ట్రంలోని షిప్ (SHIP) కౌన్సెలర్‌తో ఒకసారి మాట్లాడండి. ఇది ప్రభుత్వ నిధులతో నడిచే ఉచిత సలహా సర్వీసు, వాళ్లు ఏ ప్లానూ అమ్మరు. మెడికేర్ కార్డు చేతికి రాగానే మెడిగ్యాప్‌కి కూడా అప్లై చేస్తే రెండూ మార్చి 1నే మొదలవుతాయి.