ఆరు గంటల కోసమే వచ్చారు

ప్రశ్న: 1949 మార్చి 1న ఇండొనేషియా గెరిల్లాలు యోగ్యకర్తాను డచ్చివాళ్ళ నుంచి పట్టుకుని, ఆరు గంటలు మాత్రమే ఉంచుకుని వదిలేసి పోయారట. ఇదేం గెలుపండీ? దాడి ఆలోచన సుహార్తోదేనా?

జవాబు: వదిలేసి పోవాలనే వచ్చారు. డచ్ ట్యాంకుల ముందు ఊరు నిలబెట్టుకోలేమని వాళ్ళకు తెలుసు. డచ్ పాలన వదిలించుకుని స్వాతంత్ర్యం ప్రకటించుకున్న ఇండొనేషియా రిపబ్లిక్‌కు అప్పటి రాజధాని యోగ్యకర్తా. 1948 డిసెంబర్ 19న డచ్ సైన్యం దాన్ని ఆక్రమించి, అధ్యక్షుడు సుకర్ణోను, ఉపాధ్యక్షుడు హట్టాను బంధించింది. ఇక రిపబ్లికూ లేదు, దాని సైన్యమూ లేదని ప్రపంచానికి చెప్పుకుంటోంది. ఆ మాట అబద్ధమని పట్టపగలు చూపించాలి. అంతే పని.

నాకు బాగా నచ్చేది సైరన్ సంగతి. రాత్రి కర్ఫ్యూ ముగిసిందని ఉదయం 6 గంటలకు మోగే సైరన్ అది. ఆ రోజు దాన్నే దాడికి గుర్తుగా పెట్టుకున్నారు! చీకట్లోనే ఊళ్ళోకి చొరబడి ఉన్నవాళ్ళు, అది మోగగానే బయటికి దూకారు. మనవాడో పరాయివాడో తెలియడానికి లేత కొబ్బరాకు కట్టుకున్నారు. అంతకు ముందురోజు టెన్షన్ వేరే. కొమరుద్దీన్ అనే అధికారి తేదీ పొరబడి ఫిబ్రవరి 28నే దాడికి దిగాడు. అదృష్టం, గుట్టు రట్టవలేదు.

మధ్యాహ్నానికి దగ్గరి ఊరు మాగెలాంగ్ నుంచి డచ్ బలగాలు దిగే వేళకు వీళ్ళు తప్పుకున్నారు. కబురు మాత్రం రేడియోలో సుమత్రా మీదుగా దేశం దాటింది. జూన్ 29న డచ్ సైన్యం యోగ్యకర్తా ఖాళీ చేసింది. అదంతా ఈ ఆరు గంటల పుణ్యమే అంటే నేను ఒప్పుకోను. భద్రతా మండలి జనవరిలోనే తీర్మానం చేసింది, అమెరికా ఒత్తిడీ ఉంది. కానీ బేరానికి కూర్చున్న రిపబ్లిక్ ప్రతినిధులకు ఆ ఉదయం పెద్ద అండ.

ఇక మీ రెండో ప్రశ్న. దాడి నడిపింది లెఫ్టినెంట్ కల్నల్ సుహార్తో, అందులో అనుమానం లేదు. ఆలోచన కూడా తనదేనని అధ్యక్షుడయ్యాక చెప్పుకున్నాడు. కాదు, యోగ్యకర్తా సుల్తాన్ తొమ్మిదో హమెంకుబువొనోదని చాలామంది వాదన. 2022లో ప్రభుత్వం మార్చి 1ని జాతీయ దినంగా ప్రకటిస్తూ సుల్తాన్‌కే ఆ ఘనత ఇచ్చింది. ఆ ఉత్తర్వులో సుహార్తో పేరే లేదు, పెద్ద గొడవైంది. ఆయన పాలన మీద నాకు ఏ ప్రేమా లేదు గానీ, తుపాకుల మధ్య నిలబడ్డవాడి పేరు కొట్టేయడం మాత్రం నచ్చలేదు.