మొదటి నౌకరీకి రెజ్యూమె: డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్న బిడ్డకు

బిడ్డా,

నువ్వు పంపిన రెజ్యూమె చదివిన. బీకాం కంప్యూటర్స్ చివరి సెమిస్టర్‌లో ఉన్న పిల్లకు ఏ పని వస్తదో ఆ రెండు పేజీల్లో ఎక్కడా కనపడలే. హన్మకొండ చౌరస్తా కాడ ఏ జిరాక్స్ సెంటర్‌కు పోయినా ఇదే నమూనా చేతిలో పెడుతరు. పైన పెద్ద అక్షరాలతోని కరికులం వీటే, కింద కెరీర్ ఆబ్జెక్టివ్, చివర్న తండ్రి పేరు, పెండ్లి అయ్యిందా లేదా, డిక్లరేషన్. పేరు ఒక్కటే మారుతది. అసొంటివి కుప్పలుగా వచ్చినప్పుడు చూసేటోళ్లు కూసొని చదవరు, పైనుంచి కిందికి ఒకసారి కన్ను తిప్పుతరు. ఆ ఒక్క చూపులో నీ పని కనపడాలె.

ముందుగాల పేరు సంగతి. పదో తరగతి మెమోలో ఎట్ల ఉన్నదో అట్లనే రాయి. నీ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉన్నది, రెజ్యూమెలో ఒక్క పొడి అక్షరమే పెట్టినవు. ఆధార్, పాన్ కూడా తీసి పక్కపక్కన పెట్టి చూడు. తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించుకో, నౌకరీల చేరినాక పీఎఫ్ కాడ పేరు కలవకపోతే తిప్పలైతది. పేరు కింద ఒకే లైన్‌లో మొబైల్, ఈమెయిల్, ఊరు రాయి. ఇంటి నంబరు, గల్లీ వద్దు, ‘హన్మకొండ, తెలంగాణ’ చాలు. హైదరాబాద్ పోస్టుకు పంపేటప్పుడు మాత్రం ‘హైదరాబాద్‌కు మారడానికి సిద్ధం’ అని పక్కన చేర్చు. లేకుంటే వస్తదో రాదో అని పక్కన పెట్టేస్తరు. ఫొటో, తండ్రి పేరు, డిక్లరేషన్ ప్రైవేటు కంపెనీకి అక్కర్లేదు, ప్రకటనలో అడిగితేనే పెట్టు. ఆధార్, పాన్ నంబర్లు మాత్రం ఎవరు ఏమన్నా రెజ్యూమెలో పెట్టకు. ఆ కాగితం ఎన్ని చేతులు మారుతదో మనకు తెల్వది.

ఆబ్జెక్టివ్ తీసెయ్యి. ‘సవాళ్లతో కూడిన వాతావరణంలో నా నైపుణ్యాలను పెంచుకోవడం’ అని రాస్తే కంపెనీకి ఒరిగేదేమీ లేదు. ఆ జాగాల రెండే లైన్లు పెట్టు: ఏం చదువుతున్నవు, ఏ పని వస్తది, ఏ పోస్టు అడుగుతున్నవు.

ఇగ అసలు సంగతి. ‘ఎక్స్‌పీరియెన్స్: నిల్’ అని రాసినవు. రెండు మిర్చి సీజన్లు ఏనుమాముల మార్కెట్‌లో మీ మామ అడ్తి (కమీషన్ మీద సరుకు అమ్మిపెట్టే) దుకాణంల లెక్కలు చూసినవు కదా, అది నిల్ ఎట్లయితది? అక్కడ నువ్వు చేసిందేంది? రైతు పేరు, బస్తాలు, తూకం, ధర రాసి, హమాలీ, దడవాయి (తూకం వేసేటోడు) ఖర్చులు పోను చేతికొచ్చే పైసలు తేల్చి తక్‌పట్టీ, అంటే రైతుకిచ్చే బిల్లు, తయారు చేసినవు. దాన్ని టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించినవు. పొద్దుమీకి గల్లాపెట్టెలో పైసలు పుస్తకంతో కలుస్తున్నయా లేదా చూసినవు. అకౌంట్స్ అసిస్టెంట్ చేసే పని కూడా అదే.

దాన్ని రాసే తీరు ఇది: ఏం చేసినవు, ఎంత చేసినవు, దేంట్ల చేసినవు. ‘దుకాణంలో మామకు సాయం చేసిన’ అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ‘సీజన్‌లో రోజుకు సుమారు 30 రైతు బిల్లులు తయారు చేసి, టాలీప్రైమ్‌లో నమోదు చేసి, రోజూ క్యాష్ బుక్‌తో సరిచూసిన’ అంటే పని కండ్లకు కడుతది. 30 అన్నది నేను ఊహించి రాసిన అంకె, అసలు లెక్క పాత పుస్తకాలు తీసి చూసుకో. తక్‌పట్టీ అంటే హైదరాబాద్‌ల హెచ్‌ఆర్‌కు తెల్వకపోవచ్చు, అందుకే రైతు బిల్లు అన్న. ఇంగ్లీషులో రాసేటప్పుడు ‘రెస్పాన్సిబుల్ ఫర్’ అని మొదలుపెట్టకు. ప్రిపేర్డ్, రికార్డెడ్, రికన్సైల్డ్ అసొంటి మాటతోని లైన్ మొదలు కావాలె. ఏ నెల నుంచి ఏ నెల దాకా చేసినవో కుడి పక్కన రాయి. ఇసొంటి లైన్లు మూడు చాలు.

స్కిల్స్ కింద ‘ఎంఎస్ ఆఫీస్’ అని రాసి వదిలినవు. ఎక్సెల్‌లో ఏం వచ్చు? వీలుకప్, పివట్ టేబుల్, సమ్‌ఇఫ్ నిజంగ వస్తే వాటి పేర్లే రాయి. జీఎస్టీ అని రాసినవంటే అడుగుతరు: నెలనెలా దాఖలు చేసేటోళ్లకు జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాల రిటర్న్) గడువు ఎప్పుడు, 3బీ (పన్ను లెక్క తేల్చి కట్టే రిటర్న్) గడువు ఎప్పుడు? మామూలుగ వచ్చే నెల 11, 20 తారీకులు. వెంటనే చెప్పలేకపోతే ఆ లైన్ వద్దు, అది నీ మీద అనుమానం పెంచుతది. ‘హార్డ్ వర్కింగ్’, ‘టీమ్ ప్లేయర్’ కొట్టెయ్యి. తెలుగు, హిందీ, ఇంగ్లీషు ఉంచు. వాటిల ఏది మాట్లాడతవో ఏది రాస్తవో విడిగ చెప్పు.

చదువు కొత్తది పైన, పాతది కింద, మూడు లైన్లలో అయిపోవాలె. సీజీపీఏ మెమోలో ఉన్నట్టే రాయి, సొంతంగ పర్సెంటేజీ చేయకు. బ్యాక్‌లాగ్ ఉంటే రెజ్యూమెలో రాయాల్సిన పని లేదు గని, దరఖాస్తు ఫారంలో అడిగితే ఉన్నది ఉన్నట్టు నింపు. సర్టిఫికెట్లు చూసేటప్పుడు ఎట్లాగూ బయటపడుతది, అప్పుడు ఇచ్చిన ఆఫర్ కూడా వాపస్ తీసుకుంటరు.

మేడారం జాతరల ఎన్‌ఎస్‌ఎస్ తరఫున తప్పిపోయిన పిల్లల కేంద్రం కాడ చేసిన పని హాబీల కింద పడేసినవు. దాన్ని పైకి తీస్కరా. ఎన్ని రోజులు, ఏ పని, ఒక్క లైన్. పాటలు వినుడు, సినిమాలు చూసుడు తీసెయ్యి.

కాగితం ఏ4, ఒక్కటే పేజీ. అంచులు ముప్పావు ఇంచు, అక్షరాలు కాలిబ్రి 11, పేరు 16. రెండు నిలువు భాగాలు, స్కిల్ చుక్కలు, రంగు పట్టీలు ఉన్న రెడీమేడ్ డిజైన్లు వద్దు. పెద్ద కంపెనీలు రెజ్యూమెను ముందుగాల సాఫ్ట్‌వేర్‌తోని చదివిస్తయి, రెండు భాగాలుంటే అది పక్కపక్క లైన్లను కలిపి చదివే ప్రమాదం ఉన్నది. పరీక్ష సులువు: పీడీఎఫ్ తెరిచి అంతా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయి. వరుస తప్పినా, అక్షరాలు గజిబిజి అయినా ఆ డిజైన్ మార్చాలె. ప్రింట్‌ను ఫోన్‌తోని స్కాన్ చేసి పంపకు, అది బొమ్మ అయితది.

ఫైల్ పేరు ‘న్యూ ఫైనల్ 2’ అని పెట్టినవు. నీ పేరు, పోస్టు పేరు పెట్టు. వాట్సాప్‌లో అడిగితే డాక్యుమెంట్‌గ పంపు, స్క్రీన్‌షాట్ కాదు. మెయిల్‌లో సబ్జెక్ట్ ఖాళీగ ఉంచకు, లోపల నాలుగు లైన్లు రాయి. ఎవరికి ఏ కాపీ పంపినవో నోట్‌బుక్‌ల రాసిపెట్టుకో. ఫోన్ వచ్చినప్పుడు అదే కాపీ నీ ముందట ఉండాలె. రిజిస్ట్రేషన్ ఫీజు, ట్రైనింగ్ డిపాజిట్ అని పైసలు అడిగితే ఆ నంబరు బ్లాక్ చేసి నాకు చెప్పు.

ముందు దుకాణం పని మూడు లైన్లు ఇంగ్లీషులో రాసి పంపు, వ్యాకరణం నేను దిద్దుత. మిగతాది తర్వాత చూద్దాం.

దీవెనలతోని,
మీ పెద్దబాపు