మెడ వెనక గడ్డను పిండొద్దు, చెవి కింద గడ్డను తొందరపడి కోయించొద్దు

మీ నాన్నగారికి మెడ వెనక నాలుగేళ్లుగా నొప్పి లేని గడ్డ ఉందని, ఈమధ్య చెవి తమ్మె కింద ఇంకొకటి కనిపించిందని, రెండూ ఒకేసారి తీయించేయొచ్చా అని అడిగారు. దయచేసి ఆ రెండింటినీ ఒకే గాట కట్టకండి.

నాకూ మెడ వెనక, కాలర్ ఒరుసుకునే చోట శనగగింజంత గడ్డ ఉండేది. నడుమ సూదిమొనంత నల్లచుక్క. సెలూన్‌లో ఒకాయన పిండితే తెల్లగా, మెత్తని పిండిలాంటిది కుళ్లు వాసనతో బయటికొచ్చింది. పోయిందిలే అనుకున్నాను. వారం తిరక్కుండా ఎర్రగా వాచి, తల తిప్పలేనంత సలుపు. ఊళ్లో కోసి చీము తీశారు. ఎనిమిది నెలలకు అదే చోట ఉసిరికాయంత అయి మళ్లీ లేచింది.

అప్పుడు సర్జన్ దగ్గరికెళ్లాను. అది ఎపిడెర్మాయిడ్ సిస్ట్. చర్మం పైపొర కణాలు లోపల సంచిలా ఏర్పడి, అందులో కెరటిన్ (చర్మం, గోళ్లలో ఉండే ప్రొటీన్) పేరుకుంటుంది. సంచి ఉన్నంతకాలం ఎన్నిసార్లు పిండినా నిండుతూనే ఉంటుంది. అది క్యాన్సర్‌గా మారడం చాలా అరుదు. అక్కడే మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, నల్లచుక్కతో సహా కోసి తీశారు. మత్తెక్కాక నొప్పి లేదు, లాగుతున్నట్టు మాత్రం తెలిసింది. పాత చీము వల్ల సంచి చుట్టూ కండకు అతుక్కుపోయి ముక్కలుగా వచ్చింది, అందుకే గంట పట్టింది. చీము పట్టకముందే వెళ్లి ఉంటే ఇంత కష్టం ఉండేది కాదు. తీసినదాన్ని బయాప్సీకి పంపారు, మామూలు సిస్టేనని రిపోర్టు వచ్చింది. మీరూ ఆ పరీక్ష వద్దనకండి.

నల్లచుక్క లేకుండా, మెత్తగా, వేలితో నొక్కితే పక్కకి జారుతుంటే అది కొవ్వు గడ్డ, అంటే లైపోమా కావచ్చు. ఇబ్బంది పెట్టకపోతే దాన్ని వదిలేసినా పర్వాలేదు. కానీ ఏదన్నది డాక్టర్ చేత్తో చూసి తేల్చాలి.

నా టెన్షనంతా ఆ రెండోదాని గురించే. చెవి తమ్మె కింద ఉండేది పెరోటిడ్ అనే లాలాజల గ్రంథి. ముఖాన్ని కదిలించే నరం దాని మధ్యలోంచే వెళ్తుంది. అక్కడ గడ్డ పైకి చర్మం గడ్డలాగే కనిపిస్తుంది. మామూలు సిస్ట్ అనుకుని కోస్తే ఆ నరం దెబ్బతిని మూతి వంకర పోవచ్చు. ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించి ముందు అల్ట్రాసౌండ్, అవసరమైతే సన్నసూదితో గడ్డలోని కణాలు తీసి చూసే ఎఫ్‌ఎన్‌ఏసీ పరీక్ష చేయించండి. మన దగ్గర మెడలో టీబీ గడ్డలూ ఎక్కువే, అవి మందులతో తగ్గుతాయి.

గడ్డ గట్టిగా, కదలకుండా ఉన్నా, నెలల్లోనే పెరుగుతున్నా, మూతి ఓ పక్కకి లాగుతున్నా ఈ వారమే వెళ్లండి. నాన్నగారికి షుగర్ ఉన్నా, రక్తం పల్చబడే మాత్రలు వాడుతున్నా ముందే చెప్పండి. ఆ మాత్రలు మీ అంతట మీరు ఆపేయకండి.