త్యాగరాజస్వామి కోసం తంజావూరు ట్రిప్: ముందు కృతులు ఎంచుకోండి, తర్వాత ఊళ్లు

మీరు అడిగింది ఇదీ: జనవరిలో అమ్మానాన్నలను తీసుకుని మూడు రోజులు తంజావూరు వైపు వెళ్లాలి, మామూలు గుళ్ల టూర్‌లా కాకుండా త్యాగరాజస్వామి జీవితం, ఆయన సంగీతం చుట్టూ తిరగాలి, ఇంట్లో ఎవరికీ సంగీతం రాదు, ఆరాధన (స్వామి వర్ధంతికి ఏటా తిరువయ్యారులో జరిగే సంగీతోత్సవం) రోజే వెళ్లాలా మామూలు రోజుల్లో వెళ్లాలా అని.

మా అమ్మకీ సంగీతం రాదు. ఆవిడతో వెళ్లొచ్చాక నేను ఎవరికైనా చెప్పే మాట ఒకటే, ఊళ్ల లిస్టు రాసుకునే ముందు ఓ నాలుగైదు కృతులు ఎంచుకోండి. ఎందుకంటే స్వామి రాసినవాటిలో కొన్ని నేరుగా ఆ నది గురించి, ఆ గుళ్లో అమ్మవారి గురించి, ఆ వీధుల్లో ఊరేగిన దేవుడి గురించి. రాగం గుర్తుపట్టలేకపోయినా సాహిత్యం తెలుగే కదండీ, అక్కడ నిలబడి చదువుకుంటే చాలు. నేను పాటల సాహిత్యం పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీసి అమ్మ చేతిలో పెట్టాను, ట్రిప్ మొత్తంలో బాగా పనికొచ్చింది అదే.

బస తంజావూరులో పెట్టుకోండి. స్వామి బతికిన తిరువయ్యారు చిన్న ఊరు, తంజావూరు నుంచి 13 కిలోమీటర్లు ఉంటుందేమో, బస్సులు తరచుగా ఉంటాయి. ఆ దారిలో నిద్రపోకండి. వడవారు, వెన్నారు, వెట్టారు, కుడమురుట్టి, చివర కావేరి, ఇలా ఐదు నదుల వంతెనలు దాటి ఊళ్లోకి వెళ్తారు, అందుకే అది పంచనదం, అక్కడి శివుడు పంచనదీశ్వరుడు. ఇక్కడికి అసావేరి రాగంలో ‘సారి వెడలిన యీ కావేరిని జూడరే’ పెట్టుకోండి. కావేరి శ్రీరంగంలో రంగేశుణ్ణి చూసుకుని, ఒకచోట దూరం నుంచే వినబడేలా గర్జిస్తూ, ఒకచోట నిండు కరుణతో నెమ్మదిగా నడుస్తూ ‘మూడు రెండు నదినాథుని’ చూడటానికి వస్తోందట. మూడూ రెండూ ఐదు, అంటే మీరు ఇప్పుడే దాటి వచ్చిన నదులే. స్వామి సమాధి వెనక రేవు మెట్ల మీద కూర్చుని మా అమ్మ ఆ చరణం వేలుపెట్టి చదువుతూ ‘ఈయన ఊహించి రాయలేదురా, ఎదురుగా ఉన్నదాన్ని మనకు చూపిస్తున్నాడు’ అంది.

ఇది నీళ్లున్నప్పుడే బాగుంటుంది. మేట్టూరు డ్యామ్ నుంచి డెల్టాకు ఆనవాయితీగా జూన్ 12న నీళ్లు వదిలి జనవరి 28న ఆపుతారు, డ్యామ్‌లో నిల్వను బట్టి తేదీలు ముందూ వెనకా అవుతుంటాయి. మార్చి నుంచి మే దాకా అక్కడ ఎక్కువగా ఇసుకే కనిపిస్తుంది. మీరు జనవరి అనుకున్నారు కాబట్టి నెల మొదట్లో వెళ్తే మేలు.

సమాధి దగ్గర తొందరపడకండి. స్వామి చివరి రోజుల్లో సన్యాసం తీసుకున్నారు, అందుకే 1847 జనవరి 6న, పుష్య బహుళ పంచమి నాడు సిద్ధి పొందాక కావేరి ఒడ్డున సమాధి చేశారు. సహానలో ‘గిరిపై నెలకొన్న’ ఆ ముందు రోజులదని సంప్రదాయం చెప్తుంది, కొండమీది రాముడు ‘పది పూటలపై గాచెద’ అన్నాడని ఆ పాటలోనే ఉంది. అక్కడ కూర్చుని అది ఇయర్‌ఫోన్స్‌లో వినండి, ఇంకెవరికీ ఇబ్బంది ఉండదు.

ఇప్పుడు మనం చూసే సమాధి మందిరం మాత్రం గాయని బెంగళూరు నాగరత్నమ్మ గారి పుణ్యం. ఆ చోటు పాడుబడి ఉందని తెలిసి, స్థలం కొని, తన సంపాదన, నగలు అన్నీ పెట్టి కట్టించి 1925లో ప్రతిష్ఠ చేయించారు. అప్పట్లో ఆరాధనలో ఆడవాళ్లను పాడనిచ్చేవాళ్లు కాదు, దాని కోసం కూడా ఆవిడే పోరాడారు. 1910లో ముద్దుపళని కావ్యం ‘రాధికా సాంత్వనం’ను పూర్తి పాఠంతో అచ్చువేయించింది కూడా ఈవిడే, ఆ ముద్దుపళని తంజావూరు ప్రతాపసింహుడి ఆస్థానంలో కవయిత్రి. నాగరత్నమ్మ గారి సమాధి అక్కడే ఉంది, స్వామికి ఎదురుగా చేతులు జోడించి కూర్చున్న విగ్రహం. చాలామంది అది ఎవరిదో తెలియకుండానే దాటిపోతున్నారు, నాకు అది నిజంగా బాధ. మీరు ఒక్క నిమిషం ఆగండి, అమ్మకు ఆవిడ కథ చెప్పండి.

అక్కడి నుంచి పంచనదీశ్వరుడి గుడి. స్థానికులు అయ్యారప్పర్ గుడి అంటారు, అమ్మవారిని ‘ధర్మసంవర్ధని’ అని అడిగితే తెలియకపోతే ‘అరం వళర్త నాయకి’ అనండి, వెంటనే చూపిస్తారు. ఆ అమ్మవారి మీద స్వామివి చాలా కృతులున్నాయి, రీతిగౌళలో ‘బాలే బాలేందు భూషణి’ మొదటిసారి వినేవాళ్లకు కూడా ఇట్టే ఎక్కుతుంది. పంచనదీశ్వరుడి ఊరేగింపు వస్తుంటే చూద్దాం రండే అని ఆడవాళ్లను పిలిచే ‘ముచ్చట బ్రహ్మాదులకు’ మధ్యమావతిలో ఉంది, అది బయట మాడవీధిలో నడుస్తూ వినండి. గుడి ప్రాకారంలో నైరుతి మూల ఒకచోట నిలబడి గట్టిగా పిలిస్తే మాట మళ్లీ మళ్లీ ప్రతిధ్వనిస్తుంది, ఎక్కడ నిలబడాలో అక్కడివాళ్లను అడగండి. గుళ్లు మధ్యాహ్నం పన్నెండు దాటాక మూసి నాలుగింటికి తెరుస్తారు, కాబట్టి పొద్దున్నే బయల్దేరండి. మధ్యలో భోజనం చేసి, ఆ ఊరి అశోకా హల్వా (పెసరపప్పు, నెయ్యితో చేస్తారు, వేడిగా ఉన్నప్పుడే తినాలి) తినేసరికి మిగతా టైమ్ గడిచిపోతుంది.

తిరుమంజన వీధిలో స్వామి ఇంటి చోటు ఉంది. పాత ఇల్లు ఇప్పుడు లేదు, ఆ స్థలంలో కట్టిన స్మారక మందిరం ఉంది. పాత అరుగులు, దూలాలు ఉంటాయనుకుని వెళ్తే నిరాశ పడతారు, ముందే తెలిసి వెళ్తే ఆ వీధి నడక బాగానే ఉంటుంది, ఆయన ఉంఛవృత్తికి (పాడుకుంటూ ఇంటింటా బియ్యం అడగడానికి) బయల్దేరిన వీధి కదా.

ఇక ఆరాధన సంగతి. పంచమి రోజు పొద్దున ఆ ఇంటి నుంచి ఉంఛవృత్తి భజనతో సమాధి దాకా వస్తారు, తర్వాత తొమ్మిది ప్రాంతంలో పంచరత్నాల గోష్ఠిగానం, అంటే స్వామివి ఐదు పెద్ద కృతులు అందరూ కలిసి పాడటం. నాటలో ‘జగదానందకారక’, గౌళలో ‘దుడుకుగల’, ఆరభిలో ‘సాధించెనె’, వరాళిలో ‘కనకన రుచిరా’, చివర శ్రీరాగంలో ‘ఎందరో మహానుభావులు’. వందల గొంతులు ఒక్కసారి ‘ఎందరో’ ఎత్తుకుంటుంటే ఒళ్లు జలదరిస్తుంది, అది టీవీలో రాదు. కానీ నిజం చెప్తున్నా, పెద్దవాళ్లకు కష్టం. కింద కూర్చోవాలి, ఏడింటికల్లా చేరకపోతే వెనక ఎక్కడో చోటు దొరుకుతుంది, తంజావూరులో రూములు చాలా ముందే అయిపోతాయి. మోకాళ్ల నొప్పులుంటే పంచమి రోజు వద్దు. ఆరాధన కొన్ని రోజులు జరుగుతుంది, మిగతా రోజుల్లో పొద్దుటి నుంచి రాత్రి దాకా ఒకరి తర్వాత ఒకరు కాసేపు పాడి లేస్తూ ఉంటారు, టికెట్ లేదు, మీరు ఎప్పుడైనా వచ్చి ఎప్పుడైనా లేవొచ్చు. మీ పరిస్థితికి నేను పంచమికి ఒకరోజు ముందు వెళ్లమంటాను. ఎలాగైనా ఇంటి దగ్గరే పంచరత్నాలు ఓసారి సాహిత్యం చూస్తూ వినండి, మొదటిది సంస్కృతం, మిగతా నాలుగూ తెలుగే.

రికార్డింగులు ఎవరివి అంటే, బాలమురళి గారితో మొదలుపెట్టండి. అభిమానంతో అంటున్నది కాదు. స్వామి శిష్యుడు మానంబుచావడి వేంకటసుబ్బయ్య, ఆయన శిష్యుడు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, ఆయన దగ్గర పారుపల్లి రామకృష్ణయ్య పంతులు, ఆయన దగ్గర బాలమురళి. ఆ మానంబుచావడి తంజావూరులోనే ఒక పేట.

తంజావూరులో రెండో రోజు గడపండి. పెద్దగుడి (బృహదీశ్వరాలయం) ఎలాగూ చూస్తారు, సాయంత్రం వెళ్లండి, మధ్యాహ్నం రాళ్లు కాలిపోతాయి. నా లెక్కలో ముఖ్యమైంది రాజభవనం, అందులోని సరస్వతీ మహల్ గ్రంథాలయం. నాయకరాజుల కాలంలో, తర్వాత మరాఠా రాజుల కాలంలో కూడా ఇక్కడ తెలుగు కావ్యాలు, యక్షగానాలు రాశారు. స్వామి పుట్టిన కాకర్లవారి కుటుంబం తమిళదేశంలో ఉండి తెలుగులోనే ఎందుకు పాడిందని అమ్మానాన్న అడిగితే జవాబు ఆ తాటాకుల మధ్యే దొరుకుతుంది. తంజావూరు మరాఠా రాజు శరభోజి పిలిచి కానుకలిస్తానంటే స్వామి ‘నిధి చాల సుఖమా’ అన్నాడని చెప్పుకుంటారు కదా, ఆ కల్యాణి రాగం పాట ఆ దర్బారు హాలు చూసి బయటికొచ్చాక వినండి.

మూడో రోజుకు తిరువారూర్. స్వామి 1767లో పుట్టిన ఊరు, అక్కడి దేవుడి పేరే ఆయనకు పెట్టారు. సంగీత త్రిమూర్తుల్లో మిగతా ఇద్దరు, శ్యామశాస్త్రి, ముత్తుస్వామి దీక్షితర్ పుట్టింది కూడా అక్కడే, ముగ్గురి జన్మస్థలాలూ చూపిస్తారు. గుడి, కమలాలయం కోనేరు చాలా పెద్దవి, నడక ఎక్కువ. అంత తిరగలేం అనుకుంటే ఆ రోజు తిరువయ్యారుకు దగ్గర్లోనే ఉన్న తిరుప్పూందురుత్తి వెళ్లండి, ‘కృష్ణలీలా తరంగిణి’ రాసిన నారాయణతీర్థుల సమాధి ఉంది, ఆయనది మన గుంటూరు జిల్లా కాజ అంటారు. నన్నడిగితే పెద్దవాళ్లతో ఇదే నయం, జనం ఉండరు.

ప్రయాణానికి, చెన్నై ఎగ్మోర్ నుంచి రాత్రి ఉళవన్ ఎక్స్‌ప్రెస్ ఉంది, పొద్దున్నే తంజావూరులో దింపుతుంది. మన వైపు రైళ్లు చాలావరకు సెంట్రల్‌కు వస్తాయి కాబట్టి మధ్యలో కనీసం రెండు మూడు గంటలు పెట్టుకోండి. లోయర్ బెర్తుల కోసం బుకింగ్ తెరవగానే చేసేయండి, ఆరాధన వారంలో అయితే ఇంకా ముఖ్యం. మీ తేదీలు ఖాయమయ్యాక ఇక్కడే రాయండి, పాటల సాహిత్యం నా దగ్గర టైపు చేసి ఉంది, పెడతాను.