కోచ్‌ను మార్చే ముందు మధ్యలో ఎవరు లేరో చూడండి

అన్నా, రెండేళ్లు కప్పు కొట్టిన మీ తిరుపతి ఫుట్‌బాల్ టీమ్ ఈసారి వరసగా నాలుగు మ్యాచ్‌లు ఓడింది, కోచ్‌ను మార్చాలా అని అడిగారు కదా. తొందరపడకండి.

ఇంగ్లండ్ క్లబ్ లెస్టర్ సిటీ 2015-16లో అక్కడి పెద్ద లీగ్ అయిన ప్రీమియర్ లీగ్ గెలిచింది. ఆ తర్వాత గోల్స్ కొట్టే వార్డీ, మహ్రెజ్ ఇద్దరూ ఉండిపోయారు, మధ్యలో బంతి లాక్కునే కాంటే మాత్రం చెల్సీ క్లబ్‌కు వెళ్లిపోయాడు. దానికితోడు యూరప్ క్లబ్‌ల టోర్నీ ఛాంపియన్స్ లీగ్ మ్యాచ్‌లు మీదపడ్డాయి. 2016-17 సీజన్‌లో 12వ స్థానం. కప్పు తెచ్చిన కోచ్ రానియెరీని 2017 ఫిబ్రవరిలోనే పంపించేశారు. పాపం!

మా చిత్తూరు టీమ్‌కూ ఇదే జరిగింది. మధ్యలో ఆడే మా మిడ్‌ఫీల్డర్ ఉద్యోగానికని బెంగళూరు వెళ్లాడు. మేమేమో స్ట్రైకర్‌ను తిట్టుకుంటూ కూర్చున్నాం. ఫోన్‌లో తీసిన వీడియో చూస్తే తెలిసింది: సెంటర్ సర్కిల్ ఖాళీ, అవతలివాళ్లు తీరుబడిగా నడుచుకుంటూ వచ్చేస్తున్నారు.

మీరూ ఒక మ్యాచ్ పైనుంచి వీడియో తీయండి. చివరి 20 నిమిషాలు చూస్తే చాలు. బంతి పోయాక వెనక్కి పరిగెత్తేది ఎంతమంది? ఈ ఎండల్లో ఆ పాత పదకొండు మందినే రోజూ ఆడిస్తున్నారా? ఇంతకీ పోయినేడు ఆడినవాళ్లలో ఈసారి ఎవరు లేరు?