ఆస్పత్రిలో అందరికీ ఓపిక, ఇంట్లోవాళ్లకే లేదంటున్నారు!

ప్రశ్న: నేనొక ఆస్పత్రిలో చాప్లెయిన్‌ని. రోగులకు, వాళ్లవాళ్లకు ధైర్యం చెప్పడం, అడిగితే ప్రార్థన చేయడం, ఆఖరి ఘడియల్లో పక్కన ఉండటం నా పని. పగటి డ్యూటీ తక్కువ, ఎక్కువగా ఆన్-కాల్. ఫోన్ వస్తే ఉన్నపళంగా బయల్దేరాలి. ఈ మధ్య ఒక రాత్రి రెండింటికి పిలిచారు. పుట్టిన కాసేపటికే బిడ్డ పోయింది. బిడ్డను చుట్టిన గుడ్డను ఆ తల్లి చేతిలోంచి వదల్లేదు. తెల్లారేదాకా ఆమె పక్కనే కూర్చున్నాను. ఇంటికి వచ్చేసరికి పదకొండేళ్ల మా అమ్మాయి, ప్రాజెక్ట్ చార్ట్ మీద రంగు ఒలికిపోయిందని ఏడుస్తోంది. ‘‘దానికి ఎవరూ చచ్చిపోరులే’’ అనేశాను. అది ఠక్కున ఏడుపు ఆపేసింది. అప్పటినుంచి నాకేదీ చెప్పడం లేదు. మావారు ఆఫీసు గొడవలు మొదలుపెట్టి, నా ముఖం చూసి మధ్యలోనే ఆపేస్తారు. ‘‘ముక్కూ మొహం తెలియనివాళ్ల దగ్గర గంటలు కూర్చుంటావు, మా దగ్గర పది నిమిషాలు కూర్చోలేవా?’’ అన్నారు. ఆస్పత్రి విషయాలు బయటికి చెప్పకూడదు కాబట్టి నేను ఇంట్లో ఏమీ మాట్లాడను. ఆన్-కాల్ రాత్రుల్లో ఫోన్ రాకపోయినా నిద్ర సరిగా పట్టదు. ఇప్పుడు ప్రార్థన కూడా నోటికి వస్తోంది గానీ మనసుకు రావడం లేదు. ఉద్యోగం మానేద్దామా అనిపిస్తోంది. మానేస్తే ఈ పని లేకుండా ఉండగలనా అని భయం. ఏం చేయమంటారు?
– ఒక సోదరి

జవాబు: ఉద్యోగం సంగతి ఈ వారం తేల్చకండి. నిద్ర చాలని మనిషి తీసుకునే పెద్ద నిర్ణయాల మీద నాకు నమ్మకం తక్కువ. దాని దగ్గరికి చివర్లో వద్దాం.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట ‘ఇంట్లో ఏమీ మాట్లాడను’ అన్నది. మీరు దాన్ని వృత్తి ధర్మంగా రాశారు. మీ ఇంట్లో గొడవంతా అక్కడే మొదలైందని నాకు అనిపిస్తోంది. రోగుల విషయాలు గోప్యంగా ఉంచాలి, అందులో రెండో మాట లేదు. ఆ తల్లి ఎవరు, ఏ వార్డు, ఏం జరిగింది, ఏమని ఏడ్చింది, ఇవేవీ గడప దాటి మీ ఇంట్లోకి రాకూడదు. కానీ ఆ రాత్రి మీకేమైందన్నది ఎవరిది? అది మీది. దాన్ని దాచమని ఏ ఆస్పత్రీ అడగదు. ‘‘రాత్రి చాలా కష్టంగా గడిచింది. ఏం జరిగిందో చెప్పలేను గానీ ఇంకా కాళ్లలో వణుకు తగ్గలేదు. ఒక గంట పడుకుని వచ్చి మీతో కూర్చుంటాను’’ అంటే అందులో ఏ రోగి రహస్యం బయటపడింది? మీరు వాళ్ల రహస్యాన్నీ మీ బాధనూ ఒకే తాళం కింద పెట్టేశారు.

మీవారి వైపు నుంచి ఒకసారి చూడండి. అర్ధరాత్రి ఫోన్ మోగుతుంది. మీరు చీకట్లోనే తయారై వెళ్లిపోతారు. పొద్దున్నే ముఖం మూసుకుని వస్తారు. మధ్యలో ఏం జరిగిందో ఆయనకు తెలియదు, తెలియకూడదు కూడా. అయితే మీరు ఎలా ఉన్నారో కూడా తెలియకపోతే ఆ ఖాళీని ఆయనే ఏదో ఒకదానితో నింపుకోవాలి. ‘మేమంటే ఈవిడకు లెక్కలేదు’ అని నింపుకున్నారు. తప్పుగానే నింపుకున్నారు, కానీ దానికి కావలసిన ఖాళీ మీరిచ్చిందే.

ఇక అమ్మాయి విషయం. ఇది నాకు ఎక్కువ ముఖ్యంగా తోస్తోంది. మీరన్న ఆ మాట చావు దగ్గర పనిచేసేవాళ్ల నోట సులువుగా వచ్చేదే. నర్సులూ డాక్టర్లూ పోలీసులూ కూడా ఇంట్లో అంటుంటారు. రాత్రంతా అంత పెద్ద దుఃఖం చూసివచ్చిన కళ్లకు చార్ట్ మీద మరక ఆనదు. అయితే ఆస్పత్రిలో మీరు ఈ తూకం ఎప్పుడైనా వేశారా? కాలు విరిగి ఏడుస్తున్న మనిషితో ‘పక్క గదిలో అతనికి రెండు కాళ్లూ తీసేశారు తెలుసా’ అంటారా? అనరు. ఒకరి బాధను ఇంకొకరి బాధ పక్కన పెట్టి కొలవకూడదన్నది మీ పనిలో మొదటి పాఠం. నయంకాని జబ్బుతో చివరి రోజుల్లో ఉన్నవాళ్లను చూసుకునే ఆధునిక హాస్పిస్ సేవలకు ఆద్యురాలైన సిసిలీ సాండర్స్ 1960ల్లోనే చెప్పిన ‘సంపూర్ణ బాధ’ గురించి మీరు చదివే ఉంటారు. రోగి నొప్పి ఒంటిదే కాదని, అందులో మనసుదీ కుటుంబానిదీ ఆత్మదీ వాటా ఉంటుందని ఆమె అన్నారు. పోతున్న మనిషిని కూడా తీర్చని అప్పు, మాటలు మానేసిన తమ్ముడు కుమిలిపోయేలా చేస్తారని మీరు మంచాల పక్కన కూర్చుని ఎన్నోసార్లు చూసి ఉంటారు. చావు ముంగిట ఉన్నవాళ్ల చిన్న చిన్న వెతలను అంత శ్రద్ధగా వినే మీరు, బతుకు మొదలుపెడుతున్న పిల్ల వెతను మాత్రం చిన్నదని కొట్టేశారు.

పిల్ల ఏడుపు ఆపేసిందంటే బాధ పోయిందని కాదు. ‘అమ్మకు చెప్పాలంటే చాలా పెద్ద బాధ అయి ఉండాలి’ అన్న లెక్క నేర్చుకుంది. రేపు బడిలో ఎవరైనా ఏడిపించినా, ఇంకేదైనా ఇబ్బంది ఎదురైనా, ఇది సరిపోతుందా లేదా అని బేరీజు వేసుకుని ఊరుకుంటుంది. అందుకే దీన్ని కాలానికి వదిలేయకండి. మీరే వెళ్లి ఆ మాటను పేరు పెట్టి ప్రస్తావించండి. ‘‘ఆ రోజు నీ చార్ట్ పాడైందని ఏడుస్తుంటే నేనలా అన్నాను. అలా అనాల్సింది కాదు. అంత కష్టపడి వేసింది పాడైతే ఎవరికైనా ఏడుపొస్తుంది. నేను వేరే బాధతో వచ్చి నీ మీద విసుక్కున్నాను’’. ఇంతే. బిడ్డ పోయిన సంగతి దానికి చెప్పొద్దు. చెబితే మళ్లీ అదే తూకం, పైగా మిమ్మల్ని చూసి జాలిపడాల్సిన భారం కూడా దానిమీద పడుతుంది. ఆ తర్వాత ‘ఎందుకు మాట్లాడవు’ అని నిలదీయకండి. అది బొమ్మలు వేసుకుంటున్నప్పుడు పక్కన ఊరికే కూర్చోండి. మౌనంగా పక్కన కూర్చోవడం మీకు ఎవరూ నేర్పనక్కర్లేదు. మాట ఏదో ఒక రోజు పనికిరాని విషయంతోనే మొదలవుతుంది. ఆ పనికిరాని విషయాన్ని పూర్తిగా వినండి.

మీవారు అడిగింది పది నిమిషాలే, గమనించారా? దాన్ని దెప్పిపొడుపుగా తీసుకోకుండా కోరికగా తీసుకోండి. రోజూ పది నిమిషాలు, ఫోన్ దూరంగా పెట్టి. ఆన్-కాల్ రోజున ఫోన్ దూరంగా పెట్టలేరు, ఆ సంగతి ముందే చెప్పండి. ఇంకొక్క మాట. ఆయన దగ్గర చాప్లెయిన్‌లా వినకండి. మా వృత్తివాళ్ల ఇళ్లలోనూ ఈ ఫిర్యాదు మామూలే, ‘నాకు కౌన్సెలింగ్ ఇవ్వకు’ అని. ఆయన మేనేజర్ గురించి చెప్పినప్పుడు తల పంకిస్తూ ‘అప్పుడు మీకేమనిపించింది’ అంటే ఒళ్లు మండుతుంది. ‘వాడికేం పోయేకాలం!’ అనండి చాలు. భార్య దగ్గర మగవాళ్లు కోరుకునేది న్యాయనిర్ణయం కాదు, పక్షపాతం.

ఆయన చేయాల్సినవీ ఉన్నాయి. నెల రోస్టర్ ఆయన ఫోన్‌లో కూడా ఉండాలి. రాత్రి కాల్ వచ్చిన మర్నాడు పొద్దున అమ్మాయి బాధ్యత మొత్తం ఆయనదే. ఆ పూట ఆయన ఫిర్యాదులు మొదలుపెట్టకూడదు, మీరూ జవాబులు మొదలుపెట్టకూడదు. ఇది మీరు బాగా నిద్రపోయిన రోజున కూర్చుని మాట్లాడుకోండి.

నిద్ర గురించి కొంచెం. ఫోన్ రాకపోయినా నిద్ర పట్టకపోవడం మీ బలహీనత కాదు. 1988లో స్వీడన్ పరిశోధకులు ఓడల్లో ఆన్-కాల్ ఉండే ఇంజినీర్ల నిద్రను మెదడు తరంగాల ద్వారా పరిశీలించారు. అలారం మోగకముందు కూడా వాళ్లకు గాఢనిద్ర తగ్గింది. పిలుపు రావచ్చన్న ఎదురుచూపు ఒక్కటే చాలు, శరీరం పూర్తిగా డ్యూటీ దిగదు. కాబట్టి కాల్ రాని రాత్రిని విశ్రాంతి కింద లెక్కేసుకోకండి, మీవారికీ ఈ సంగతి చెప్పండి. గాఢనిద్రలోంచి లేచినప్పుడు మెదడు మబ్బు వీడటానికి పావుగంట, అరగంట పడుతుంది. వెంటనే స్టీరింగ్ పట్టుకోకుండా కొన్ని నిమిషాలు లైట్ వేసుకుని కూర్చుని బయల్దేరండి. తిరిగి వచ్చేటప్పుడు కళ్లు మూతలు పడుతుంటే ఆస్పత్రిలోనే ఓ ఇరవై నిమిషాలు కునుకు తీయండి, లేదా వేరే ఎవరినైనా వచ్చి మిమ్మల్ని ఇంటికి తీసుకెళ్లమనండి.

నర్సు డ్యూటీ దిగేటప్పుడు వచ్చేవాళ్లకు అన్నీ అప్పజెప్పి వెళ్తుంది. డ్యూటీ డాక్టర్లదీ అదే పద్ధతి. తెల్లవారుజామున ఐదింటికి పార్కింగ్‌లో ఒక్కరే నిలబడ్డ మీరు మాత్రం ఎవరికి అప్పజెప్పాలి? రోగి రికార్డులో రెండు లైన్లు రాస్తారేమో, అందులో మీ గుండె బరువు పట్టదు. అది మీతోపాటు కార్లో కూర్చుని ఇంటికొస్తుంది, ఎదురుగా ఎవరుంటే వాళ్ల మీద దిగుతుంది. ఆ రోజు అమ్మాయి ఎదురుగా ఉంది.

శిక్షణలో మీ చేత వెర్బాటిమ్‌లు రాయించి ఉంటారు. రోగితో జరిగిన సంభాషణను గుర్తున్నంతవరకు మాటకు మాట రాసి, తోటివాళ్ల ముందు పెట్టి, ‘ఇక్కడ నేనెందుకు తడబడ్డాను’ అని చర్చించడం. సర్టిఫికెట్ చేతికొచ్చాక చాలామంది దాన్ని మానేస్తారు. మీరు మళ్లీ మొదలుపెట్టండి. పేర్లు, గుర్తులు ఏవీ లేకుండా, రోగి గురించి కాకుండా మీ గురించే ఐదు నిమిషాలు రాయండి, చించేసినా పర్వాలేదు. నెలకోసారైనా సాటి చాప్లెయిన్‌తోనో సూపర్‌వైజర్‌తోనో కూర్చోండి. గోప్యత నియమాలు తెలిసిన మనిషి కాబట్టి ఇంట్లో చెప్పలేనిది అక్కడ చెప్పొచ్చు. నాకు తెలిసి ఈ వృత్తిలో ఇది విలాసం కాదు, పనిలో భాగం. ఈ శిక్షణకు 1925లో అమెరికాలోని వూస్టర్ స్టేట్ హాస్పిటల్‌లో పునాది వేసినవారిలో ముఖ్యుడైన ఆంటన్ బోయిసెన్, అంతకు కొన్నేళ్ల ముందు స్వయంగా మానసిక వైద్యశాలలో రోగిగా ఉండి వచ్చినవాడే. ఓదార్చేవాళ్లకు ఓదార్పు అక్కర్లేదన్న భ్రమ ఆ రోజుల్లోనే లేదు. మీరెక్కడినుంచి తెచ్చుకున్నారో మరి!

ప్రార్థన విషయంలో నేను గురువును కాను, తోచింది చెబుతాను. ప్రార్థన ఇప్పుడు మీ పని కూడా. ఇంట్లో చేతులు జోడిస్తే ఆ వార్డే గుర్తొస్తుందేమో చూడండి. పైగా ‘దేవుడు నా బిడ్డనెందుకు తీసుకెళ్లాడు’ అని తల్లి అడిగితే మీరు జవాబు చెప్పరు, చెప్పకపోవడమే మంచిది. కానీ ఆ ప్రశ్న అక్కడే ఆగదు. మీలో కూడా అది ఉంటే, కోపంగానే ఉంటే, దాన్ని దాచిపెట్టి మామూలు ప్రార్థన చేయబోతే నోరు మాత్రమే కదులుతుంది. ఆస్పత్రితో సంబంధం లేని ఒక పెద్దమనిషి దగ్గర ఆ కోపాన్ని కోపంగానే చెప్పుకోండి. కొన్నాళ్లు వేరేవాళ్లు ప్రార్థన చేస్తుంటే వెనక వరసలో కూర్చోండి. అక్కడ మిమ్మల్ని ఎవరూ ఏమీ అడగకూడదు.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. ఆన్-కాల్ లేని రాత్రుల్లోనూ నిద్ర రాకపోవడం, పగటిపూట ఆ గుడ్డ పదే పదే కళ్ల ముందు కదలడం, ఎవరి ఫోన్ మోగినా గుండె దడదడలాడటం, సంతోషించాల్సిన చోట కూడా ఏమీ అనిపించకపోవడం, ఇవి రెండు మూడు వారాలు దాటితే నా ఉత్తరం చాలదు. సైకాలజిస్టునో సైకియాట్రిస్టునో కలవండి. మీరు పనిచేసే చోటే కాకుండా బయట చూసుకుంటే మనసు విప్పడం తేలిక. బతకడం దండగ అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా రోజులు లెక్కపెట్టొద్దు, అదే రోజు వెళ్లండి.

ఇప్పుడు ఉద్యోగం. పనిలో పూర్తిగా మాడిపోయినవాళ్లు సాధారణంగా ‘ఎప్పుడు వదిలిపోతుందా’ అని రాస్తారు. మీరు ‘ఇది లేకుండా ఉండగలనా’ అని రాశారు. అందుకే మీరు అలసింది పని మీద కాదని, ఆ పని మీకు అందుతున్న పద్ధతి మీదని అనుకుంటున్నాను. రాజీనామా గురించి ఆలోచించే ముందు పైవాళ్లను కలిసి కొన్ని విషయాలు అడగండి. అర్ధరాత్రి దాటాక పిలిస్తే మర్నాడు పగటి డ్యూటీ ఉండకూడదు. వరుస రాత్రులు వేయకూడదు. ఒకే రాత్రి రెండు పిలుపులు వస్తే వెళ్లడానికి రెండో మనిషి ఉండాలి. పసిబిడ్డల మరణాల లాంటివి చూసి వచ్చాక మీతో మాట్లాడేందుకు ఎవరో ఒకరు ఉండాలి. ‘తట్టుకోలేకపోతున్నాను’ అని మొదలుపెట్టకండి, ‘ఈ పని సరిగా జరగాలంటే ఇవి కావాలి’ అని మొదలుపెట్టండి, కాగితం మీద రాసి ఇవ్వండి. మూడు నెలలు చూడండి. వాళ్లు ఏదీ ఇవ్వకపోతే, లేదా ఇచ్చినా ఇంట్లో పరిస్థితి మారకపోతే, పగటి డ్యూటీ మాత్రమే ఉండే చోటు వెతుక్కోండి. హాస్పిస్‌లలోనూ వృద్ధాశ్రమాల్లోనూ మీ అనుభవం ఉన్నవాళ్ల అవసరం ఉంటుంది. రోస్టర్ గురించిన ఆ కాగితం మాత్రం వచ్చే నెల డ్యూటీలు వేయకముందే వాళ్ల చేతికి అందేలా చూడండి.